ఒడియా ‘పిలా’, మన ‘పిల్ల’ ఒకటేనా?

రాయగడలో ఉంటున్న ఒక తల్లి మూడు సంగతులు అడిగారు. పక్కింటి ఒడియా వారు పిల్లలను ‘పిలా’ అంటారు, మనం ‘పిల్ల’ అంటాం. ఇవి ఒకే మాట అయితే ఎవరి దగ్గర నుంచి ఎవరికి వెళ్ళింది? భువనేశ్వర్ హాస్టల్లో చదువుకుంటున్న వారి అబ్బాయి, హిందీ మాట్లాడే స్నేహితుడి తమ్ముణ్ణి ముద్దుగా ‘పిల్లా’ అని పిలిస్తే ఆ స్నేహితుడు ఎందుకు నొచ్చుకున్నాడు? సంస్కృత నిఘంటువులో ‘పిల్ల’ అంటే పుసులు కట్టిన కళ్ళు గలవాడని కనిపించింది, మన మాట అక్కడి నుంచే వచ్చిందా? చివర, ఒడియా కుటుంబంతో తమ అమ్మాయికి చూస్తున్న సంబంధం సంగతి కూడా రాశారు.

అమ్మా, క్లుప్తంగా అయితే జవాబు ఇది. ఒడియా పిలా, తెలుగు పిల్ల ఒకే వేరు నుంచి వచ్చినవి. హిందీ పిల్లా కూడా ఆ వేరుదే, కానీ అర్థం వేరు. సంస్కృత పిల్లకు వీటితో చుట్టరికం లేదు. అయితే సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు ఇంతటితో సరిపోదు. ఇక్కడ ఏ మాట తీసుకున్నా ‘ఇది మాది, మీరు తీసుకున్నారు’ అనే వాదన సిద్ధంగా ఉంటుంది. నేను పర్లాకిమిడిలో తెలుగు పిల్లలకు ఒడియా, ఒడియా పిల్లలకు తెలుగు చెబుతూ వచ్చినవాణ్ణి. ఆ వాదనను రెండు వైపుల నుంచీ విన్నాను, రెండు వైపులా అందులో సగం నిజమే చూశాను. అందుకే కాస్త విస్తరించి రాస్తున్నాను.

ముందు దక్షిణం వైపు చూద్దాం. తమిళంలో పిళ్ళై, మలయాళంలో పిళ్ళ, కన్నడంలో పిళ్ళె. అన్నింటిలోనూ ళకారమే, తెలుగులో మాత్రం లకారం. ఈ తేడా యాదృచ్ఛికం కాదు. తమిళుల ముళ్ మనకు ముల్లు, వాళ్ళ కళ్ మనకు కల్లు, వాళ్ళ ఉళ్ళి మనకు ఉల్లి. వాళ్ళకు ళకారం ఉన్న చోట మన పాత మాటల్లో లకారం ఉండటం ఒక క్రమం. ఆ క్రమంలో పిళ్ళై పక్కన పిల్ల చక్కగా ఇమిడిపోతుంది. రెండు మాటలు చుట్టాలని చెప్పడానికి అవి చెవికి ఒకేలా వినిపించడం చాలదు. వాటి మధ్య తేడా కూడా ఒక పద్ధతిలో ఉండాలి. గట్టి సాక్ష్యం అదే. కళ్ళు, నీళ్ళు వంటి మాటల్లో మనకూ ళకారం ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. అవి బహువచన రూపాలు. కన్ను, నీరు అనే మాటలకు ‘లు’ చేరి కండ్లు, నీరులు అయి, తర్వాత కళ్ళు, నీళ్ళు అయ్యాయి. వాటి దారి వేరు.

ఇక అర్థం సంగతి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. మీ అబ్బాయి స్నేహితుడి కోపానికి కూడా మూలం అక్కడే దొరుకుతుంది. తమిళంలో మనకు దొరుకుతున్న అతి పాత వ్యాకరణం తొల్కాప్పియం. అందులో మరబియల్ అనే అధ్యాయం ఏ ప్రాణి పిల్లను ఏ మాటతో పిలవాలో చెబుతుంది. పార్‌ప్పు, పఱళ్, కుట్టి, కురుళై, కన్ఱు, పిళ్ళై, మగవు, మఱి, కుళవి అని తొమ్మిది మాటలు చెప్పి, ఒక్కొక్కటీ వేటికి తగునో విడమరుస్తుంది. పిళ్ళై అనేది ఎగిరే పక్షుల కూనలకు, పాకే ప్రాణుల పిల్లలకు చెప్పాలి. మొక్కల లేతదశకు కూడా చెప్పవచ్చు. మనుషుల బిడ్డలకు మాత్రం కుళవి, మగవు అనే రెండే తగినవి, తక్కినవి తగవు అని ఆ వ్యాకరణం తేల్చి చెప్పింది. అంటే నేడు తమిళులు కన్నబిడ్డకు వాడే మాట, కులనామంగా గౌరవంగా పేరు చివర పెట్టుకునే మాట, వినాయకుణ్ణి పిళ్ళైయార్ అని కొలిచే మాట, ఆ వ్యాకరణం నాటికి పక్షి కూనది, మొక్కది.

ఆ పాత అర్థం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. తమిళంలో కొబ్బరి మొక్క తెన్నంపిళ్ళై, ఉడుత అణిల్‌పిళ్ళై, ముంగిస కీరిప్పిళ్ళై. మన దగ్గరా అంతే. కోడిపిల్ల, మేకపిల్ల, చేపపిల్ల అంటాం. అరటి తోటలో తల్లి చెట్టు పక్కన మొలిచిన వాటిని పిల్లలనే అంటాం. ‘పిల్ల వచ్చి గుడ్డును వెక్కిరించినట్టు’ అనే సామెతలో పిల్ల అంటే పక్షి కూనే. అక్కడి నుంచి తెలుగు ఇంకో అడుగు వేసి, చిన్నదైన దేనికైనా ఈ మాటను విశేషణం చేసింది. పిల్లకాలువ, పిల్లగాలి, పిల్లతెమ్మెర. ఇంత హాయైన వాడుక మరో భాషలో నాకు కనిపించలేదు. పిల్లనగ్రోవిని కూడా కొందరు ఈ లెక్కలోనే వేసి ‘చిన్న గొట్టం’ అని చెబుతారు. నేను కలపను. తమిళంలో పుల్లాంకుళల్ అని, కన్నడంలో పిళ్ళంగోవి అని దానికి వేరే తోబుట్టువులు ఉన్నాయి, ముఖ్యంగా తమిళ రూపంలోని ఉకారం పిళ్ళైతో పొసగదు.

తెలుగులో ‘ఆ పిల్ల’ అంటే అమ్మాయి, అబ్బాయి అనాలంటే పిల్లవాడు అనాలి. తమిళంలో మొగ్గు ఇటు కాదు. వారి మాప్పిళ్ళై పెళ్ళికొడుకు, అల్లుడు. మనకు పిల్లనిచ్చిన మామ ఉంటాడు, వాళ్ళకు మాప్పిళ్ళై ఇంటికి వస్తాడు. మూలంలో ఈ మాట ఆడా కాదు, మగా కాదు. తెలుగులో ఆడపిల్లల వైపు ఒరగడానికి కారణం మన వ్యాకరణంలో ఉందని నా అభిప్రాయం. ఏకవచనంలో మనకు మగవారికి ఒక క్రియారూపం, తక్కిన వాటన్నింటికీ ఒక రూపం. కోడిపిల్ల వచ్చింది, మేకపిల్ల వచ్చింది, అమ్మాయి వచ్చింది. అబ్బాయి మాత్రం వచ్చాడు. ‘పిల్ల వచ్చింది’ అని ఉన్న వాక్యంలో మగబిడ్డకు చోటు చాలక అతనికి ‘వాడు’ చేర్చాల్సి వచ్చింది, ఉత్త పిల్ల అమ్మాయికి మిగిలింది. బహువచనంలో ఆ ఇబ్బంది లేదు కనుక పిల్లలు అంటే ఇద్దరూ.

ఇక ఒడియాకు వద్దాం. ఒడియాలో మరాఠీలో లాగే, మనకు లాగే ల, ళ రెండూ ఉన్నాయి, వాటి మధ్య ఒక నియమం ఉంది. సంస్కృతంలో రెండు అచ్చుల మధ్య ఒంటరిగా ఉన్న లకారం ఒడియాలో ళకారం అవుతుంది. ఫలం వాళ్ళకు ఫళ, కాలం కాళ, జలం జళ. కానీ ప్రాకృతంలో ల్ల అని జంటగా ఉన్నది ఒడియాలో ఒంటి లకారంగా నిలిచిపోతుంది. ప్రాకృత భల్ల నుంచి భల, అంటే మంచి. తెల్ల నుంచి తేల, అంటే నూనె. గల్ల నుంచి గాల, అంటే చెంప. ఇప్పుడు పిలా చూడండి. పిళా కాదు, పిలా. ఆ ఒంటి లకారం ఒకప్పుడు అక్కడ ల్ల ఉండేదని చెబుతోంది. అంటే ఒడియా పిలా వెనుక పిల్ల వంటి రూపమే ఉంది. మీ ఇంట్లో పిల్లలకు ఒడియా రాత నేర్పేటప్పుడు ఈ నియమం చెప్పండి, ల ఎక్కడో ళ ఎక్కడో తెలియక పడే అవస్థ చాలావరకు తగ్గుతుంది.

అయితే ఆ పిల్ల తెలుగు నుంచే వచ్చిందా? మన వాళ్ళు ఇక్కడే తొందరపడతారు. గంజాం, కొరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. ఆ రోజున పర్లాకిమిడి పట్టణం ఒడిశాలోకి వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసులో ఉండిపోయింది. ఇంత కలిసి బతికాం కాబట్టి మా మాటే వాళ్ళు తీసుకున్నారని మన వాదన. కానీ పిలా సరిహద్దు ఒడియాలో మాత్రమే ఉన్న మాట కాదు. కటక్, పూరీ ఇళ్ళలో పుట్టుకతో వచ్చే మాట. పైగా ఒడియాతో ఆగలేదు. మరాఠీలో పిల్లూ ఉంది, హిందీలో పిల్లా ఉంది. బెంగాలీలో పిల్లలందరినీ కలిపి ఛేలేపిలే అంటారు. అందులో రెండో ముక్క కూడా దీనిదే అనుకోవచ్చు. ఇంకా వెనక్కి వెళితే పాత బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీలో ‘పిల్లక’ అని ఉంది, జంతువు పిల్ల అనే అర్థంలో. సూకరపిల్లక అంటే పంది పిల్ల. మన ‘పంది పిల్ల’ను పక్కన పెట్టి చదివితే మనసు పులకరిస్తుంది.

కాబట్టి ద్రావిడ భాషల నుంచి ఈ మాట ఉత్తరాది భాషల్లోకి వెళ్ళింది నిజమే, కానీ సరిహద్దు సంతల్లో నిన్న మొన్న జరిగిన ఇచ్చిపుచ్చుకోవడం కాదు. పాళీ, ప్రాకృతాల నాటిది. ద్రావిడం నుంచే అని ఎందుకు అంటున్నానంటే, దక్షిణాది భాషల్లో ఇది మనిషికి, పక్షికి, జంతువుకు, మొక్కకు విస్తరించి, ధ్వనుల క్రమం తప్పకుండా ఉంది. ఉత్తరాదిలో ఒక్కో చోట ఒక్కో ఇరుకైన అర్థంతో ఉంది. బిడ్డకు సంస్కృతంలో శిశువు, బాలుడు, పోతం, శాబకం అని ఎన్నో ఉన్నాయి కానీ ఈ అర్థంలో ఈ మాట పాత గ్రంథాల్లో కనిపించదు. ఇక ఒడియాకు ద్రావిడ భాషల పొరుగు అంటే తెలుగు ఒక్కటే కాదు. మీ రాయగడలోనే కువి మాట్లాడేవారు ఉన్నారు, కంధమాల్‌లో కుయి ఉంది, అవీ ద్రావిడ భాషలే. ఇదే కొండల్లో ఉన్న సవర మాత్రం ముండా అనే వేరే భాషా కుటుంబానికి చెందింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవరలను దగ్గర పెట్టుకుని ఆ భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం ప్రచురించారు. మాట్లాడేవారి నోట విని గాని ఒక భాష గురించి తీర్మానం చేయకూడదన్న పద్ధతిని ఆయన ఈ ఊళ్ళోనే ఆచరించి చూపారు. పిలా విషయంలోనూ నిఘంటువు కంటే ఒడియా ఇంటి మాటలు విన్నప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

ఎందుకంటే ఒడియా ఈ మాటను తీసుకుని అలాగే ఉంచలేదు, పూర్తిగా మనిషికి అంకితం చేసింది. పిలాదిన అంటే చిన్నతనం, పిలాటిదిను అంటే చిన్నప్పటి నుంచి, పిలాళియా అంటే పిల్లచేష్టల వంటిది, పిలాఖేళ అంటే పిల్లలాట. పిలా హెబా అంటే బిడ్డ పుట్టడం. అబ్బాయి పుఅ పిలా, అమ్మాయి ఝిఅ పిలా. చివర ‘టి’ చేర్చి పిలాటి అంటే అందులో ఆప్యాయత, ‘టా’ చేర్చి పిలాటా అంటే కాస్త తేలిక. ఈ సూక్ష్మం మన పిల్లలు త్వరగా పట్టుకోలేరు, పెద్దవారి ముందు వారి బిడ్డను పిలాటా అనేస్తారు. కాలేజీకి వెళ్ళే కుర్రవాళ్ళు కూడా ఒడియాలో పిలాలే. మన వాడుకలో ఇరవై ఏళ్ళ యువకుణ్ణి పిల్లవాడు అనాలంటే అతను మనకంటే చాలా చిన్నవాడై ఉండాలి.

అన్నిటికంటే పెద్ద తేడా జంతువుల దగ్గర. కుక్కపిల్లను ఒడియాలో కుకుర ఛుఆ అంటారు, పిల్లిపిల్లను బిలేఇ ఛుఆ, మేకపిల్లను ఛెళి ఛుఆ, కోడిపిల్లను కుకుడా ఛుఆ. కుకుర పిలా అనరు. తెలుగు ఇళ్ళలో పెరిగిన పిల్లలు ఒడియాలో తప్పకుండా తడబడే చోటు ఇది, ఎందుకంటే మనకు అన్నింటికీ ఒకటే మాట. ఛుఆ అనేది జంతువుల కూనలకే పరిమితం కూడా కాదు. బిడ్డను ముద్దుగా ఛుఆ అంటారు, సంబల్‌పూర్ వైపు అయితే మనుషుల పిల్లలకూ ఛుఆ అనడమే ఎక్కువ. అంటే ఛుఆ రెండు వైపులా వెళుతుంది, పిలా మనిషి దగ్గరే ఆగుతుంది.

ఇప్పుడు హిందీ చూడండి, సరిగ్గా దీనికి తలకిందులు. హిందీలో పిల్లా అంటే కుక్కపిల్ల, అంతే. మనిషికి వాడితే అది తిట్టు. కుక్క పేరు ముందు చేర్చి తిట్టడం వీధుల్లో మామూలు. మీ అబ్బాయి స్నేహితుడు తన చిన్న తమ్ముణ్ణి ఆ మాటతో పిలవడం విని నొచ్చుకోవడంలో అతని తప్పు లేదు, మీ అబ్బాయి మనసులోనూ తప్పు లేదు. హిందీ వాళ్ళు మన చక్కటి మాటను దిగజార్చారని మీరు అనుకున్నట్టు రాశారు. అమ్మా, నేను అలా అనుకోను. తొల్కాప్పియం చెప్పినదాన్ని, పాళీ సూకరపిల్లకాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, జంతువు కూన, పక్షి కూన అన్నదే ఈ మాటకు పాత అర్థం. హిందీ ఆ పాత అర్థంలో ఒక ముక్కను అట్టిపెట్టుకుంది. బిడ్డ మీద ప్రేమతో కూనకు చెప్పే మాటను మనిషికి ఎక్కించుకున్నది మనం, తమిళులు, ఒడియా వారు.

మరాఠీ ఈ రెంటికీ మధ్యలో ఉంది. సిరొంచ, దెగ్లూరు వైపు ఉండే తెలుగువారికి ఇది బాగా తెలుసు. కోడిపిల్ల, పిల్లిపిల్ల, కుక్కపిల్ల, అన్నీ మరాఠీలో పిల్లూయే. మనిషి బిడ్డకు అసలు మాట మూల్. కానీ తల్లి బిడ్డను ఒళ్ళోకి తీసుకుని పిల్లూ అంటే అది వట్టి ముద్దు, ఎవరూ తిట్టుగా తీసుకోరు. ఒకే మాట నాగపూర్ దాటి ఉత్తరానికి వెళితే తిట్టు, దక్షిణానికి వస్తే ముద్దు.

సంస్కృతం సంగతి. అమరకోశంలో తడితో, పుసితో ఉన్న కళ్ళు గలవాడికి చుల్ల, చిల్ల, పిల్ల అని మూడు మాటలు ఇచ్చారు. మీ కంట పడింది ఇదే. దీనికి పాణినీయ సంప్రదాయంలో వివరణ ఉంది: తడిసినది అనే అర్థం గల ‘క్లిన్న’ స్థానంలో చిల్, పిల్ అనేవి వచ్చి, అలాంటి కళ్ళు గలవాడు అనే అర్థంలో చిల్ల, పిల్ల ఏర్పడతాయి. కంటి జబ్బుకు చెప్పిన మాట అది. పసిపిల్లలకు కళ్ళు పుసులు కడతాయి కదా, అందుకే పిల్ల అన్నారేమో అని ఒకరు నాతో గట్టిగా వాదించారు. వినడానికి పొసగినట్టే ఉంటుంది, కానీ తమిళ పిళ్ళైలోని ళకారానికి, కొబ్బరి మొక్కకు, ఉడుతకు ఆ కథ ఏ జవాబూ చెప్పలేదు. మన దేశి మాట ప్రతిదానికీ సంస్కృతంలో తండ్రిని వెతికే అలవాటు మనలో బలంగా ఉంది. దానివల్ల మన మాటల సొంత చరిత్ర మరుగున పడిపోతోందని నాకు నిజంగా బాధ.

ఇలా ధ్వని కలిసి చుట్టరికం లేనివి ఇంకా ఉన్నాయి. బెంగాలీలో పిలే అని విడిగా అంటే ప్లీహం, సంస్కృత ప్లీహా నుంచి వచ్చింది. ఛేలేపిలేలోని పిలేకు దానితో సంబంధం లేదు. హిందీలో పీలా అంటే పసుపుపచ్చ, పీత నుంచి. ఇటలీలో పీలా అంటే బ్యాటరీ. 1800లో వోల్టా రాగి, జింకు బిళ్ళలను ఒకదానిపై ఒకటి స్తంభంలా పేర్చి విద్యుత్తు పుట్టించాడు, ఆ పేర్పుకు ఉన్న లాటిన్ మాటే బ్యాటరీకి స్థిరపడింది. ఫిలిప్పీన్స్ వారికి పీలా అంటే వరుసలో నిలబడటం, స్పానిష్ ఫీలా నుంచి. తుళులో పిలి అంటే పులి. మంగళూరు పిలివేష అంటే పులివేషమే. ఆ పిలి మన పులికి, తమిళ పులికి, కన్నడ హులికి తోబుట్టువు, మన పిల్లికి కాదు. పిల్లిని, పిల్లను కూడా ద్రావిడ భాషల పరిశీలకులు వేరువేరుగానే ఉంచుతారు.

మీ అబ్బాయికి చెప్పవలసినది కొంచెమే. హిందీ మాట్లాడేవారి పిల్లలను బచ్చా అనో, ముద్దుగా ఛోటూ, మున్నా అనో పిలవమనండి. స్నేహితుడికి మన భాషలో ఆ మాట అర్థం ఏమిటో విడమరిచి చెప్పమనండి, కోపం ఆ క్షణమే పోతుంది. ఒడియాలో కుక్కకు, మేకకు, కోడికి ఛుఆ అనే అనాలి. ఇక మీరు రాసిన చివరి సంగతి, ఒడియా కుటుంబంతో మీ అమ్మాయి సంబంధం గురించి. వాళ్ళ పెద్దలు ‘పిలాటి భల’ అంటే చాలాసార్లు వాళ్ళు మెచ్చుకుంటున్నది అబ్బాయిని. మన వైపు పెద్దలు ‘పిల్ల బాగుంది’ అంటే అమ్మాయిని. అక్కడ రెండు భాషలూ కలిసే మాటల్లో ఈ ఒక్కదాన్ని పక్కన పెట్టి, అబ్బాయిని పుఅ అని, అమ్మాయిని ఝిఅ అని విడివిడిగా చెప్పుకోండి.